ఇంటివైపు చూసే సైకిలు

శనివారం పొద్దున కాఫీ చల్లారిపోతున్నా తిరుపతిసామి స్టూలు దిగలేదు. వీధిలో నిలిపిన పాత వ్యాగన్ కారు పక్కన ఆ స్టూలు వేసుకుని, దర్జీ టేపుతో బండి కప్పును ఈ అంచు నుంచి ఆ అంచుకు మూడోసారి కొలుస్తున్నాడు. మొదటి కొలతను రెండోసారి సరిచూసుకోవడం, రెండూ ఒక్కటే అయినా మూడోసారి కొలవడం ఆయన స్వభావం. మినుము చేలో సాళ్ల ఎడం కూడా ఆయన ఇట్లాగే చూస్తాడని కోవిల్‌పట్టి చుట్టుపక్కల రైతులు నవ్వుకునేవారు.

వంటింటి కిటికీలోంచి కోడలు వసంతి ఆయననే చూస్తోంది. పెనం మీద సజ్జ దోసె ఒక పక్క మాడింది. మామ చిన్న నోటుబుక్కులో అంకెలు వేసుకున్న ప్రతిసారీ ఆమె నోటి దాకా ఒక ప్రశ్న వచ్చి వెనక్కి పోతోంది. కొనబోయే ర్యాకు ఒక సైకిలుకా, రెండింటికా?

మరునాడు విరుదునగర్‌లో జిల్లా స్త్రీల సైకిలు పోటీ. ఇంటి ఆడపడుచు దేవిప్రియ కాలేజీ పిల్లల విభాగంలో తొక్కబోతోంది. కిందటిసారి సైకిలును వ్యాగన్ వెనక సీట్లు మడిచి లోపల కుక్కితే గేరు కొక్కెం వంగిపోయి, పిల్ల పోటీ మొదలుకాకముందే ఏడ్చుకుంటూ తిరిగివచ్చింది. అందుకే ఈసారి బండి కప్పు మీద ర్యాకు. ఇంతవరకు ఇంట్లో అందరికీ తెలుసు. వయసుతో పనిలేని మరొక విభాగం కూడా ఉన్నదనీ, అందులో వసంతి పేరు ఉన్నదనీ దేవిప్రియకు మాత్రమే తెలుసు.

వసంతి పుట్టిల్లు విరుదునగర్. పెళ్లికి ముందు ఆ ఊరి రోడ్ల మీద ఆమెను దాటిన ఆడపిల్ల లేదు. ఆమె పాత ఉక్కు సైకిలు పెళ్లి సామాన్లతోపాటే వచ్చి, విత్తనాల గదిలో గోనెపట్టా కింద మూడేళ్లు పడుకుంది. నాలుగు నెలలుగా ఆడబిడ్డకు తోడు అనే పేరుతో ఆమె దాన్ని తెల్లవారకముందే బయటికి తీస్తోంది. చేల దారిన ఇద్దరూ ఎనిమిది మైళ్లు పోయి, అత్త లేచేసరికి వాకిట్లో ముగ్గు వేస్తూ కనిపించేవారు. కోడలు వెనక మెల్లగా తొక్కుతూ పిల్లను కనిపెట్టుకుని ఉంటుందని అత్త చెల్లమ్మాళ్ నమ్మకం.

చెల్లమ్మాళ్ చెడ్డ మనిషి కాదు. కోడలికి జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ మార్చే మనిషి. కాని నిశ్చితార్థం నాడు ఎవరో పెద్దాయన పిల్ల రోడ్లమీద సైకిలు తొక్కుతుందట కదా అని అడిగినప్పుడు, ఆమె తడుముకోకుండా మానేసిందని చెప్పింది. ఆ మాట విరుదునగర్‌లో, కోవిల్‌పట్టిలో, నడుమనున్న సాత్తూరు చుట్టాల్లో మూడేళ్లుగా తిరుగుతోంది. మాట మీద నిలబడే ఇల్లు అనే పేరు ఆమెకు ఒంటిమీది నగలకంటె ఎక్కువ.

మధ్యాహ్నానికి తిరుపతిసామి అంగడి నుంచి తిరిగివచ్చాడు. వెంట తూత్తుక్కుడి ఉద్యోగం నుంచి ఆ ఉదయమే దిగిన కొడుకు గోకులకృష్ణన్. అంగట్లో జరిగినదంతా కొడుకే నవ్వుతూ చెప్పాడు. అంగడివాడు మొదట చూపిన ర్యాకు కప్పు అంచున నీటికాలువ ఉన్న పాతకాలపు బండ్లకట. రెండోది కప్పు మీద నిలువు కమ్మీలున్న బండ్లకట. ఈ వ్యాగన్‌కు రెండూ లేవు. వీధి చివరి వెల్డింగు అంతోణి చేత కప్పుకు రంధ్రాలు వేయించి బోల్టులు దించుదామని తాను అంటే, వాన నీళ్లు నీ నెత్తిన పడతాయని నాయన కసిరాడట. చివరికి తలుపు చట్రంలోకి కొక్కెం దూర్చి బిగించే రకం దొరికింది. అడుగున రబ్బరు మెత్తలు, పైన రెండు అడ్డకమ్మీలు. కప్పు మోయగల బరువు యాభై కిలోలని కాగితంలో చదివిన తరువాతనే నాయన సంచీ విప్పాడట.

అంతా నవ్వుతుండగా తిరుపతిసామి అట్టపెట్టె విప్పి, సైకిలు నిలిపే పొడుగాటి ట్రే ఒకటి నడవలో పెట్టాడు. తరువాత రెండోది తీసి దాని పక్కన పెట్టాడు.

చెల్లమ్మాళ్ చేతిలోని చేట ఆగింది.

"ఎవరికండి రెండోది?"

తిరుపతిసామి కాగితం మడుస్తూ ఉండిపోయాడు. దేవిప్రియ గోడ వైపు చూసింది. ఈ ఒక్క ఊపిరిలో నోరు తెరవకపోతే, ఆ సైకిలు ఇంకెప్పటికీ గోనెపట్టా కిందనుంచి లేవదని వసంతికి తెలిసింది.

"నాకు అత్తా. రేపు నేనూ తొక్కుతాండాను."

"యాడ?"

"విరుదునగర్లో."

చెల్లమ్మాళ్ చేట కింద పెట్టింది. గొంతు పెంచలేదు. "పుట్టినూర్లో. మీ పెద్దమ్మ, మా సాత్తూరోళ్లు అందరూ రోడ్డుమీద నిలబడి చూస్తాండంగా. ఆడబిడ్డ తొక్కేది వేరే, కోడలు తొక్కేది వేరే. మా కోడలు మానేసిందని నలుగుర్లో చెప్తిని. నా మాట ఏమి కావాల?"

"ఆ మాట నేను చెప్పలే అత్తా."

"ఏమంటివి?"

"మానేసినానని నేను ఎవురికీ చెప్పలే. ఆ పొద్దు నన్ను ఎవురూ అడగలే. నా పక్కన కూర్చోని మీరు చెప్తిరి. పెద్దోళ్ల ముందర ఎదురు మాట్లాడకూడదని తల వంచుకొంటిని. అంతే."

చెల్లమ్మాళ్ మొగుడి వైపు తిరిగింది. ఆయన అబద్ధం ఆడడు. అందుకే ఆమె ఆయనను అడగడానికి భయపడుతుంది, అడగకుండానూ ఉండలేదు.

"ఏమండి, మీరూ ఉంటిరి గదా."

"ఉంటిని," అన్నాడు తిరుపతిసామి. "అడగలే. నువ్వూ అడగలే, నేనూ అడగలే."

"నేనూ అడగలే," అన్నాడు గోకులకృష్ణన్ నేల చూస్తూ.

"అట్లయితే అందరూ కూడబలుక్కొని ట్రే కొంటిరి. నాకొక్కదానికే తెలీలే."

ఈ పిల్ల నాకేమీ చెప్పలేదు అన్నాడు తిరుపతిసామి. వాన పడిన మరునాడు చేనికి పోతే రేగడిలో రెండు టైర్ల జాడలు కనిపించాయట. సన్నది కూతురి కొత్త సైకిలుది, వెడల్పుది విత్తనాల గదిలోదానిది. చెప్పేటప్పుడు ఆయన కోడలి వైపు చూడకుండా ట్రే మీది దుమ్ము తుడిచాడు. "వెనక మెల్లంగా పోతాదని నువ్వు అనుకొంటివి చెల్లా. చూస్తే యాడ చూసినా వెడల్పు జాడ మీద సన్న జాడ పడి ఉండాది. ముందర పోయింది ఈ పిల్లే. రోజూ ఈ పిల్లే."

అంగడివాడు ముందు చక్రం ఊడదీసి ముందు ఫోర్కును బిగించే ట్రే మంచిదన్నాడనీ, అది ఎత్తు తక్కువ కనక గేటు మీది ఇనుప ఆర్చి కిందనుంచి బండి లోపలికి వస్తుందన్నాడనీ ఆయన చెప్పాడు. కాని వసంతి పాత సైకిలు చక్రానికి నట్లు. ఆ బిగింపు దానికి పట్టదు. అందుకని రెండు చక్రాలూ నిలబెట్టే ఎత్తు రకమే తెచ్చాడు. ఇక సైకిళ్లను ఎక్కించినా దించినా వీధిలోనే, అందరి కళ్లముందూ.

"అదీ నా ఆర్చి తప్పే," అంది చెల్లమ్మాళ్. సన్నజాజి తీగ అల్లించాలని పట్టుబట్టి ఆ ఆర్చి పెట్టించింది ఆమే. చేట తీసుకుని పెరట్లోకి పోయింది. భోజనానికి రాలేదు.

సాయంత్రం ర్యాకు బిగించారు. తిరుపతిసామి కాగితాన్ని అద్దం మీద అంటించుకుని, నాలుగు బిగింపులనూ వంతులవారీగా, ఒక్కొక్కటి ఒక్కొక్క చుట్టు తిప్పుతూ బిగించాడు. ఒకవైపే బిగిస్తే కమ్మీ వాలుతుందని. తరువాత కమ్మీ పట్టుకుని ఊపితే ర్యాకు కదలలేదు, బండి మొత్తం ఊగింది. అప్పుడు గాని ఆయన ముఖంలో నవ్వు రాలేదు.

సైకిళ్లు ఎక్కించాక చిక్కు వచ్చింది. రెండూ ముందుకే చూస్తుంటే హ్యాండిళ్లు ఒకదానికొకటి తగిలి, ఏ ఒక్కదాన్నీ తిన్నగా నిలబడనివ్వడం లేదు. ట్రేలు ఇంకా ఎడంగా జరపడానికి కప్పు చాలదు. గోకులకృష్ణన్ తల గోక్కున్నాడు. వసంతి తన సైకిలు దించి, తిప్పి, వెనక చక్రం ముందుకు వచ్చేట్టు పెట్టింది. హ్యాండిలు బండి తోకవైపు పోయింది. రెండు సైకిళ్లూ ఒదిగి కూర్చున్నాయి.

ఎప్పుడు వచ్చిందో, చెల్లమ్మాళ్ దోటికర్ర పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. ఎదురింటి కృష్ణమ్మాళ్ గడప మీద నుంచి మెడ సాచి చూస్తోంది.

"వెనక్కి తిరిగి పోయే సైకిలు యాడ జయిస్తాది?" అంది చెల్లమ్మాళ్.

వసంతి పట్టీ బిగిస్తూనే జవాబు చెప్పింది. "అది వెనక్కి తిరగలే అత్తా. ఇంటిని చూసుకుంటా పోతాది."

చెల్లమ్మాళ్ దోటికర్రను బండి పక్కన నిలువుగా ఆనించి, పైకి ఒక చూపు చూసి, కొంగుతో కర్ర తుడుచుకుని మునగచెట్టు వైపు పోయింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో ఒక్క మునక్కాయా లేకపోవడం వసంతి చూసింది గాని, దాని గురించి ఆలోచించే తీరిక ఆమెకు లేదు.

ఆదివారం తెల్లవారుజామున బయలుదేరేటప్పుడు అత్త బయటికి రాలేదు. పది మైళ్లు పోయాక తిరుపతిసామి బండి ఆపి, బిగింపులన్నీ మళ్లీ చూశాడు. కాగితంలో అట్లా రాసి ఉంది. సాత్తూరు దగ్గర ఇంకోసారి ఆపాడు. అది కాగితంలో లేదు. కమ్మీల మీద గాలి ఈల వేస్తోంది. వెనక కిటికీలోంచి వసంతి తన సైకిలు హ్యాండిలు కొసను చూస్తూ కూర్చుంది. అది ఎక్కడికి చూస్తోందో అక్కడ గడప మీద ఎవరూ లేరనే తలపు ఆమెను వదలలేదు.

దేవిప్రియ తన విభాగంలో మూడోదిగా వచ్చి, గట్టు మీద కూర్చుని నవ్వుతూ ఏడ్చింది. తరువాత వసంతి వంతు. ఇరవై మైళ్లు, సగం దూరంలో మలుపు. పోయేటప్పుడు గాలి వీపున ఉంది. తిరిగేటప్పుడు అదే గాలి గోడలాగా ఎదురు నిలిచింది. శ్రీవిల్లిపుత్తూరు నుంచి వచ్చిన పసుపు చొక్కా పిల్ల ఒకతె తేలికపాటి సైకిలు మీద ముందుకు దూసుకుపోయింది. ఊరు రెండు మైళ్లుందనగా ముందు గుంపులో నలుగురు మిగిలారు. వసంతి మూడోది.

మిరపకాయల ఘాటు ముక్కుకు తగలగానే ఆమెకు తానెక్కడున్నదీ తెలిసింది. ముందర గిడ్డంగుల వరుస. ఆ పొడుగాటి గోడ వెంట గాలి విరిగిపోతుందని కొత్తవాళ్లకు తెలియదు. పదేళ్ల వయసు నుంచి అక్కడ తొక్కిన కాళ్లకు తెలుసు. మిగిలిన ముగ్గురూ ఇంకా గాలికి తలలు వంచుకుని ఉండగానే ఆమె సీటు మీంచి లేచింది. గోడ మొదట్లో మూడోది, గోడ నడుమ రెండోది. గోడ చివర పసుపు చొక్కా ఆమె భుజం పక్కకు వచ్చి, ఆగి, వెనక్కి జారిపోయింది. సున్నపు గీత మీద ఆ పాత ఉక్కు సైకిలు రెండు బారల ముందు దాటింది.

తిరుపతిసామి వేళ రాసుకుందామని నోటుబుక్కు తెరిచాడు. గీత దాటిన క్షణాన గడియారం చూడటమే మరిచిపోయాడు. కొలత తప్పినందుకు ఆయన సంతోషించడం కొడుకు అదే మొదటిసారి చూడటం.

వసంతి పెద్దమ్మ జనంలోంచి వచ్చి, చెమట కారుతున్న చెంపలు పట్టుకుని, మానేసినావని చెప్తిరే అని అడిగింది. వసంతి ఆమె కాళ్లకు దండం పెట్టి మాట మార్చింది. అత్త మాటను ఆ గుంపులో పడవేయడానికి ఆమెకు మనసు రాలేదు. గోకులకృష్ణన్ ఇంటికి మూడుసార్లు ఫోను చేశాడు. ఎవరూ ఎత్తలేదు. మెడలో పతకం ఉన్నా తిరుగుదారిలో వసంతి గుండె బరువుగానే ఉంది.

మధ్యాహ్నం బండి తమ వీధిలోకి తిరిగింది. సైకిళ్లు దించాలని తిరుపతిసామి గేటుకు దూరంగా ఆపాడు. ఆపి, స్టీరింగు మీద చేతులు అట్లాగే ఉంచి, ముందుకు వంగి చూశాడు.

ఆర్చి ఆకాశంలోకి లేచి ఉంది. రెండు స్తంభాలకూ మనిషి చేతంత పొడుగు కొత్త ఇనుము అతుకు. అతికినచోట రంగు కాలి నల్లబడింది. సన్నజాజి తీగను తెగకుండా పైకి ఎత్తి కట్టినట్టున్నారు. కొన్ని కొమ్మలు వాడి వేలాడుతున్నాయి. చర్చిలో ఆదివారం పూజ ముగించుకుని వచ్చిన తెల్లచొక్కాతోనే వెల్డింగు అంతోణి వైర్లు చుట్టుకుంటున్నాడు. పొద్దున్నుంచి ఈ గోలలో ఫోను మోగినా వినిపించి ఉండదు.

గేటు నడుమ చెల్లమ్మాళ్ దోటికర్ర పట్టుకుని నిలబడి ఉంది. కర్రకు ఒకచోట పసుపు దారం కట్టి ఉంది. నిన్న సాయంత్రం ఆమె బండి పక్కన కర్ర ఎందుకు నిలబెట్టిందో వసంతికి అప్పుడు అర్థమైంది. ఆమె బండి దిగి పరుగున పోయి, అత్త ముందు ఆగిపోయింది. పతకం చెప్పవలసినది చెప్పింది.

చెల్లమ్మాళ్ పతకాన్ని కాదు, కోడలి మోకాళ్లమీది దుమ్మును చూసింది. కొంగుతో తుడవబోయి, వీధి వైపు తిరిగింది. కృష్ణమ్మాళ్, ఆ పక్కవాళ్లు, వాళ్ల పక్కవాళ్లు అందరూ గడపల్లో ఉన్నారు.

"మా కోడలు సైకిలు మానేసిందని చెప్తిని," అంది, అందరికీ వినపడేట్టు. "అది ఆ పిల్ల చెప్పిన మాట కాదు. అడక్కుండా నేను చెప్పిన మాట. తప్పు నాది."

తరువాత గొంతు తగ్గించి వసంతితో అంది. "ఆ మాట అనేదానికి నాకు రాత్రంతా పట్టె. ఆర్చి లేపేది సులువుగా ఉండె."

వసంతి ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది. చెల్లమ్మాళ్ ఒక చేత్తో కోడలి వీపు నిమురుతూ, రెండో చేతిలోని దోటికర్ర వదలలేదు. గోకులకృష్ణన్ సైకిలు పట్టీ విప్పబోతే ఆ కర్రతోనే అడ్డం పెట్టింది.

"దించవాకండి. అట్లే లోపలికి రానీ."

తిరుపతిసామి టేపు తీసుకుని దిగాడు. ఇంటావిడ కొలిచిందంటే నమ్మకం లేక కాదు, రెండోసారి చూస్తేనే ఆయనకు కొలత. ఎత్తు చూసి, మళ్లీ చూసి, జానెడు ఎడం ఉందని ప్రకటించి, మూడోసారి కొలవకుండానే టేపు చుట్టేశాడు.

బండి మెల్లగా కదిలింది. ముందుకు చూసే దేవిప్రియ సైకిలు, దాని పక్కనే తోకవైపు తిరిగిన ఉక్కు సైకిలు ఆర్చి కిందికి వచ్చాయి. వేలాడే సన్నజాజి కొమ్మ ఒకటి పాత సీటును రాసుకుంటూ పోయి నాలుగు పూలు రాల్చింది. బండి లోపలికి పోయేకొద్దీ ఆ హ్యాండిలు వీధిని, వీధిలోని గడపలను, గడపల్లోని మనుషులను చూస్తూ వెళ్లింది.

చెల్లమ్మాళ్ కోడలి చెయ్యి పట్టుకుని వెనకే నడిచింది.

"పొద్దున ఇంటిని చూసుకుంటా పోయె," అంది. "ఇప్పుడు ఊరిని చూసుకుంటా వస్తాండాది. చూడనీ."