చప్పుళ్ళు రాసేవాడు

దెయ్యం సినిమాలో దెయ్యం కంటే తలుపుకే పని ఎక్కువ. అనుభవం మీద చెబుతున్నాను. తొమ్మిదేళ్ళుగా నా ఉద్యోగం సినిమాల్లో చప్పుళ్ళు వినడం, విన్నవాటిని చెవులు వినపడని వాళ్ళ కోసం తెర కింద అక్షరాల్లో రాయడం. మాటలు రాసేవాళ్ళు వేరే ఉన్నారు. బ్రాకెట్లలో వచ్చేవి నా వాటా. [తలుపు కిర్రుమంది]. [దూరంగా కుక్క ఏడుస్తోంది]. ఏ చప్పుడు ఏ సెకనులో మొదలై ఏ సెకనులో ఆగిందో పక్కన వేస్తే ఫైలు తయారు. బంధువులకి ఈ ఉద్యోగం ఎంత విడమరిచి చెప్పినా బుర్రకెక్కలేదు. "అంటే ఇంట్లో కూర్చుని సినిమాలు చూస్తావు, అంతేగా" అని తేల్చేశారు.

నన్ను ఈ పనిలో పెట్టింది మా అక్క. నా ఫైళ్ళలో తప్పులు పట్టేదీ అక్కే. కంపెనీ తనని అందుకే పెట్టుకుంది. నేను పుట్టిన ఏడాదే అక్కకి జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. అప్పటికి తనకి ఆరేళ్ళు. "దాని చెవులు కూడా వీడే పట్టుకొచ్చేశాడు" అని మా పెద్దత్త నవ్వుతూ అనేది. అందరూ నవ్వేవారు. నాకు మాత్రం చిన్నప్పుడు కూడా ఆ మాటకి నవ్వు రాలేదు.

అక్క మాట్లాడుతుంది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి అర్థం చేసుకుంటుంది. నా మొదటి ఫైలు చూసి పెదవి విరిచింది.

"కిర్రుమంది అంటే నాకేం తెలుస్తుందిరా? ఆరేళ్ళ లోపు విన్న తలుపులు నాకు ఎన్ని గుర్తుంటాయి? ఎవరు తీశారో రాయి. ఎక్కడ తీశారో రాయి."

"దెయ్యం తీసిందని ముందే రాసేస్తే ఇంక భయపడ్డానికి ఏం మిగుల్తుందే?"

"అయితే ఎవరో అని రాయి. ఎవరో అన్న మాట కంటే దెయ్యం పెద్దదా?"

ఆ రోజు నుంచి నేను ఎవరు, ఎక్కడ అన్నవి లేకుండా ఒక్క బ్రాకెట్టు కూడా రాయలేదు.

మా ఇద్దరికీ దెయ్యం సినిమాలంటే ప్రాణం. కారణాలు మాత్రం వేరు. నాకు చీకట్లో ఒక్కసారిగా ధన్‌మని మోగితే చాలు. అక్క దగ్గర ఆ పప్పులు ఉడకవు. చప్పుడు తీసేస్తే సగం దెయ్యం సినిమాలు కామెడీ అంటుంది. జుట్టు విరబోసుకుని పరిగెత్తే ఆవిణ్ణి చూస్తే దువ్వెన ఇవ్వాలనిపిస్తుందట. తనకి ఇష్టమైనది ఒక పాత నలుపు తెలుపు సినిమా. అందులో దెయ్యం ఒక్కసారి కూడా కనపడదు. ఇంట్లో అందరూ భోజనం చేస్తూ ఉంటారు. ముందు కుక్క తలెత్తి ఖాళీ కుర్చీ వైపు చూస్తుంది. తర్వాత పిల్ల. తర్వాత తల్లి. ఒకరి తర్వాత ఒకరు అటే తిరుగుతారు. అంతే, సీను అయిపోతుంది.

"ఇందులో అంత భయం ఏముంది?" అని అడిగాను ఒకసారి.

"నా బతుకంతా అదే సీను కదరా," అంది. "మీరందరూ ఒక్కసారి అటు తిరుగుతారు. అక్కడ ఏం వినపడిందో మీకు తెలుసు. నాకు తెలీదు. నాకు కనపడేది మీ మొహాలే."

మంచి మాట చెప్పిందని మెచ్చుకుని, దాన్ని నా పనికి వాడుకున్నాను. నా గురించి చెబుతోందని అనుకోలేదు.

ఇదంతా జరిగిన మధ్యాహ్నం నేను చేస్తున్నది ఒక పనికిమాలిన సినిమా. అందులో దెయ్యం ఎందుకొచ్చిందో, ఎందుకు పోయిందో తీసినవాడికే తెలియాలి. నేను పనిచేసే గది చిన్నది. బయటి చప్పుళ్ళు రాకుండా కిటికీకి దళసరి నల్ల దుప్పటి కట్టాను. ఫ్యాను కూడా వెయ్యను, దాని రొద అడ్డం వస్తుంది. పగలు రెండింటికి కూడా ఆ గదిలో చీకటే. వేడెక్కిన కంప్యూటరు నుంచి కాలిన దుమ్ము వాసన. మెడ మీద చెమట కారుతుంటే తుడుచుకోవడానికి కూడా బద్ధకం.

అప్పటిదాకా రాసి పంపిన ఫైలు చూసి మేనేజర్ ఫోన్ చేశాడు.

"ఏం బాబూ, నిద్రపోతూ రాశావా? గంటా పన్నెండు నిమిషాల దగ్గర చూడు. బాత్రూంలో అమ్మ పిలుస్తోంది అని ఉంది. అక్కడ బాత్రూమూ లేదు, అమ్మా లేదు. ఆ సీను బస్సులో."

"పొరపాటు సార్, తీసేస్తా" అన్నాను.

"నాలుగింటికి మీ అక్క చూస్తుందిగా, ఈలోపు సరిచెయ్యి."

ఫైలు తెరిచాను. ఉంది. [బాత్రూంలో అమ్మ పిలుస్తోంది]. ఎవరు, ఎక్కడ, రెండూ ఉన్నాయి. నేను రాసే పద్ధతే. కానీ నేను రాయలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పదకొండేళ్ళుగా ఎవరికీ చెప్పనిది.

మా అమ్మ ఈ ఇంట్లోనే, ఈ హాలు చివరి బాత్రూంలోనే పడిపోయింది. అదీ ఇలాంటి మధ్యాహ్నమే. నాన్న అప్పటికే లేడు. నాకు పంతొమ్మిదేళ్ళు. హాల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని దెయ్యం సినిమా చూస్తున్నాను. అక్క ఎదురుగా కూర్చుని బట్టలు మడతపెడుతోంది. సినిమా మంచి పట్టులో ఉంది. మధ్యలో ఎవరో పిలిచినట్టయింది. ముందు సినిమాలోదే అనుకున్నాను. ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ జరిపాను. "చిన్నోడా..." అంది అమ్మ, బాత్రూంలోంచి. గొంతు కొంచెం తేడాగా ఉంది. అవును, తేడాగానే ఉంది. తువ్వాలు మర్చిపోయి ఉంటుంది, ఈ సీను అయ్యాక ఇద్దాంలే అనుకున్నాను.

మళ్ళీ చెవి మూసుకున్నాను.

ఆ సీను ఇరవై నిమిషాలు నడిచింది. అప్పుడు లేచి వెళ్ళి పిలిస్తే అమ్మ పలకలేదు. పక్కింటాయన వచ్చి భుజంతో తలుపు బద్దలుకొట్టాడు. "ఒక్క పావుగంట ముందు తెచ్చి ఉంటే..." అన్నాడు డాక్టరు. సినిమా మోతలో ఏమీ వినపడలేదని చెప్పాను. అందరూ నమ్మారు. నమ్మి, జాలిగా అక్క వైపు చూశారు. పాపం, ఈ పిల్లకి చెవులుండి ఉంటేనా అన్నారు. అక్క కూడా అదే మాట అనేది. ప్రతి ఏడూ అమ్మ పోయిన రోజున నా ఎదురుగా కూర్చుని, నా మొహంలోకి చూస్తూ, "నాకు వినపడి ఉంటే అమ్మ బతికేదిరా" అనేది. నేను తల వంచుకునేవాణ్ణి. కాదని ఒక్కసారి కూడా అనలేదు. కాదంటే నిజం చెప్పాలి, చెబితే అక్క నన్ను వదిలి వెళ్ళిపోతుంది. నాకు ఇంకెవరూ లేరు. అంతకంటే నీచమైన పని నేను చేయలేదు, అది నాకు తెలుసు.

అందుకే ఆ లైను తీసేశాను. టైము రెండూ ఇరవై.

సినిమా మళ్ళీ మొదటి నుంచి పెట్టాను, ఇంకెక్కడైనా ఏదైనా ఉందేమో చూద్దామని. గంటా పన్నెండు దాటింది. బస్సు పోతోంది. తెర కింద అక్షరాలు పడ్డాయి.

[మగ్గు నేల మీద దొర్లుతోంది]

ఆపాను. ఫైల్లో వెతికాను. ఇందాక లేదు, ఇప్పుడుంది. తీసేశాను. మళ్ళీ నడిపాను.

[అమ్మ గోళ్ళతో తలుపు గీకుతోంది]

ఆ రోజు ఆసుపత్రిలో అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నది నేను. అమ్మ గోళ్ళ కింద ఆకుపచ్చ రంగు పెచ్చులు ఉన్నాయి. బాత్రూం తలుపు రంగు. ఎవరూ చూడకముందే నా చొక్కా అంచుతో తుడిచేశాను. ఆ సంగతి నాకు తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలియదు.

తీసేశాను... మళ్ళీ నడిపాను. నడపకుండా ఉండలేకపోయాను. హెడ్‌ఫోన్లలో బస్సు ఇంజను మోత తప్ప ఏమీ లేదు. చెవులు రిక్కించి విన్నాను. ఏమీ లేదు. తెర మీద మాత్రం అక్షరాలు.

[అమ్మ ఇక పిలవడం లేదు]

సినిమా ఆపాను. భుజం మీద చెయ్యి పడింది.

కెవ్వుమన్నాను. అక్క. నాలుగు ఎప్పుడయిందో నాకు తెలీలేదు. తను నా వైపు చూడట్లేదు. తెర వైపు చూస్తోంది. ఆ లైను ఇంకా అక్కడే ఉంది. మూసేద్దామని చెయ్యి జాపితే అక్క నా మణికట్టు పట్టుకుంది.

ఇక దాచడానికి ఏముంది? తన వైపు తిరిగి, పెదాలు కనపడేలా అడిగాను.

"నువ్వేనా... రాసింది?"

"నేనే, రాత్రి నువ్వు పడుకున్నాక," అంది. గుసగుసగానే అంది. "నోటితో అడిగితే అబద్ధం చెబుతావు. వినపడింది రాయడమే కదా నీ ఉద్యోగం. రాసి పెడితే అయినా ఒప్పుకుంటావేమో అనుకున్నాను."

"నీకు... ఎప్పటి నుంచి?"

"నీ ఎదురుగానే కూర్చున్నాను కదరా ఆ రోజు. హెడ్‌ఫోన్ జరిపావు. బాత్రూం వైపు తల తిప్పావు. మళ్ళీ పెట్టేసుకున్నావు. అటు ఏదో వినపడిందని నాకు తెలిసింది. నువ్వు కదల్లేదు కాబట్టి ఏమీ లేదనుకున్నాను. నిన్ను నమ్మానురా."

నేను ఏడుస్తున్నాను. అక్క ఏడవట్లేదు.

"పదకొండేళ్ళు," అంది. "ఏడాదికొకసారి నా తప్పే అని నీ ముందు అన్నాను. కాదక్కా అంటావని. ఒక్కసారంటే ఒక్కసారి అంటావని చూశాను. అని ఉంటే అప్పుడే క్షమించేసేదాన్ని."

"అక్కా... తప్పే. కానీ ఇన్ని రాయాలా? ఆ గీకడం కూడా... ఆ సంగతి నీకెలా తెలుసు?"

అక్క కనుబొమలు ముడిపడ్డాయి.

"గీకడమేంటి?"

మగ్గు, గోళ్ళు... అంటూ తీసేసిన లైన్లు చెప్పాను.

"నేను ఒక్కటే రాశాను," అంది. "బాత్రూంలో అమ్మ పిలుస్తోంది. అదొక్కటే. ఇప్పుడు చూసిన ఈ లైను కూడా నీదే అనుకున్నాను. ఒప్పుకున్నావనుకున్నాను."

ఇద్దరం తెర వైపు చూశాం. సినిమా ఎవరూ నడపకుండానే నడుస్తోంది. బస్సు వెళ్ళిపోయింది, ఖాళీ రోడ్డు మిగిలింది. కింద మళ్ళీ అక్షరాలు పడుతున్నాయి. ఈసారి బ్రాకెట్టు లేదు. పొడుగ్గా ఉంది, రెండు మూడు వరసలు. మొదటి మాట 'తల్లీ' అని ఉంది, అమ్మ అక్కని పిలిచే మాట. నేను అంతవరకే చదివాను. అక్క అరచెయ్యి తెర మీద పెట్టి కప్పేసింది.

"ఇది నీకు కాదు," అంది.

వేళ్ళ సందుల్లోంచి తనొక్కతే చదువుకుంది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. చెయ్యి తీసేసరికి అక్కడ ఏమీ లేదు. ఫైల్లో వెతికాను. ఆ లైను మొదలైన సెకను ఉంది. ఆగిన సెకను లేదు. మధ్యలో అక్షరాలు లేవు.

"ఏం రాసుంది? అక్కా, ఏం రాసుంది?"

అక్క నా పెదాల వైపు చూడలేదు. చూడకపోతే నేను ఎంత అరిచినా తనకి ఒక్క ముక్క చేరదు. లేచి గదిలోంచి వెళ్ళింది. హాలు దాటింది. బాత్రూం తలుపు ముందు ఆగి, "ఆ... వస్తున్నా" అంది. లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది.

నేను తలుపు మీద కొట్టాను. కొట్టి ఏం లాభం? చేత్తో, భుజంతో, అక్కా అక్కా అని గొంతు పోయేలా. తర్వాత ఆగి, చెక్కకి చెవి ఆనించాను. తలుపు చల్లగా ఉంది. తడి సబ్బు వాసన వచ్చింది.

లోపల అక్క మాట్లాడుతోంది. నెమ్మదిగా, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడినట్టు. రెండు మాటలు అంటోంది. ఆగుతోంది. మళ్ళీ అంటోంది. ఒకసారి నవ్వింది కూడా. అక్క ఆగినప్పుడల్లా నేను ఊపిరి బిగపట్టి విన్నాను. చీమ నడిచినా పట్టే చెవులు నావి. అక్క గొంతు తప్ప నాకేమీ అందలేదు.

"వాడా?" అంది అక్క. "తలుపు అవతలే ఉన్నాడమ్మా."

ఆగింది. ఈసారి చాలాసేపు ఆగింది. అవతలి వాళ్ళు ఏదో వివరంగా చెబుతున్నట్టున్నారు.

"సరే," అంది.