గడ్డిగట్టు మీద ఒక్క చోటు

"మూడు చాలుగా... ఈ నాలుగో టోపీ ఎవరికి?" అన్నాడు ఇంటాయన.

భోజనాల బల్ల మీద నాలుగు గుడ్డటోపీలు వరసగా ఉన్నాయి. మొహాన ఎండ పడకుండా వెడల్పాటి అంచు, గాలికి ఎగిరిపోకుండా గడ్డం కింద కట్టుకునే నాడా. వీధిలో అందరూ టైలరమ్మ అని పిలిచే ఆ ఇంటి ఇల్లాలు, తీరిక చిక్కినప్పుడల్లా మేడ మీది కుట్టుగదిలో కూర్చుని కుట్టిన టోపీలవి. ఆవిడ నీళ్ల జగ్గు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"నాకు" అంది.

 ముందు కొడుకు నవ్వాడు. వాణ్ణి చూసి తండ్రి నవ్వాడు. కొత్త అల్లుడు నవ్వాలో కూడదో తెలియక నీళ్లు తాగబోయి పొలమారాడు. "నువ్వు రేసుకొచ్చి ఏం చేస్తావే? అక్కడ వంట పని కూడా ఉండదు, హోటల్లో దిగుతున్నాం" అన్నాడాయన నవ్వు ఆపుకుంటూ.

ఆ నవ్వులో చెడ్డబుద్ధి లేదు. చిక్కంతా అక్కడే ఉంది! కోపంగా వద్దని ఉంటే ఎదురు చెప్పేది. పసిపిల్ల చందమామను తెచ్చిపెట్టమంటే నవ్వినట్టు నవ్వితే ఏం చెబుతుంది... జగ్గు బల్ల మీద పెట్టింది. నాలుగో టోపీ తీసుకుంది. మేడ మెట్లెక్కి, తలుపు వేసుకుని, కుట్టుమిషను మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

కార్ల రేసంటే ఆయనకు ప్రాణం. ఆయనది బ్యాటరీల షాపు. ఒంట్లో బాగా లేకపోయినా షాపు తెరిచే మనిషి, రేసున్న ఆదివారం మాత్రం మధ్యాహ్నానికల్లా షట్టరు దించేస్తాడు. దేశం దాటి వెళ్లి ఒక్క రేసైనా కళ్లారా చూడాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. ఈ ఏడు కుదిరింది. కార్లు గీత దాటే చోటికి సరిగ్గా ఎదురుగా, నీడ ఉన్న పెద్ద గ్యాలరీలో మూడు సీట్లు కొన్నాడు. తనకొకటి, కొడుక్కొకటి, పెళ్లయి ఏడాది తిరగని అల్లుడికొకటి. వస్తావా అని అల్లుణ్ణి అడగలేదు. అల్లుడు కాబట్టి అడగకుండానే కొన్నాడు. ఇల్లాలినీ అడగలేదు. ఆవిణ్ణి అడగాలన్న ఆలోచనే రాలేదు. కొన్నాళ్లుగా ఇంట్లో పొద్దస్తమానం విమానం, హోటలు, ఎండ, టోపీలు... ఈ మాటలు వినీ వినీ, ఆ ప్రయాణంలో తనూ ఒకతెనని టైలరమ్మ ఎప్పుడు అనుకుందో ఆవిడకే తెలియదు. పిచ్చిది, టోపీ కూడా కుట్టేసుకుంది!

ఆయన మరిచిపోయిన సంగతి ఒకటుంది. షాపు వెనక ఒంటిగదిలో కాపురం పెట్టిన కొత్తల్లో, చిన్న టీవీ ముందు చాప వేసుకుని ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవాళ్లు. పసుపు జెండా ఎందుకు ఊపుతారో, టైర్లు ఎప్పుడు మారుస్తారో, వాన పడితే ఎవరికి కలిసొస్తుందో ఆయన చేతులు తిప్పుతూ చెప్పేవాడు. నాలుగు మాటలడిగితే ఒక మాట బదులిచ్చే మనిషి అలా గలగలా మాట్లాడుతుంటే ఆవిడ మురిసిపోయేది. ఆవిడకు రేసు మీద ప్రేమ పుట్టింది అప్పుడే. తర్వాత పిల్లలొచ్చారు, ఇల్లు అమిరింది, హాల్లోకి సోఫా వచ్చింది. సోఫాలో ఆయన, కొడుకు, కొడుకు స్నేహితులు. టీలు అందించే మనిషి మెల్లగా గుమ్మంలోకి జరిగింది. జరగమని ఎవరూ అనలేదు... కూర్చోమనీ ఎవరూ అనలేదు. అయినా ఆవిడ ఒక్క రేసు కూడా వదల్లేదు.

ఆ రోజు ఏడ్చినంతసేపు ఏడ్చి, లేచి మొహం కడుక్కుంది. కిందికొచ్చి ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు. మర్నాడు పొద్దున్నే ఇంటిపని ముగించి, మంచి చీర కట్టుకుని ఫోటో స్టూడియోకి వెళ్లింది. పాస్‌పోర్టు ఫోటోలో నవ్వకూడదమ్మా అని ఫోటోగ్రాఫరు చెబితే, ఇప్పట్లో నాకు నవ్వొచ్చేలా లేదు, నువ్వు కానియ్యి నాయనా అంది. అక్కణ్ణుంచి పాస్‌పోర్టు ఆఫీసుకి. గాజుపలక వెనక కూర్చున్న గుమాస్తా ఆవిడ వయసు చూసి, కూతురికి పురుడు పోయడానికా అని అడిగాడు. ఆ వయసు ఆడవాళ్లు దేశం దాటేది పురుళ్లకేనని పాపం అతని అనుభవం.

"కాదు బాబూ. కార్ల రేసు చూడటానికి."

"ఎవరితో వెళ్తున్నారు, మీవారితోనా?"

"నాతో నేనే" అంది టైలరమ్మ.

వెనక వరసలో ఉన్నవాళ్లంతా మెడలు చాచి చూశారు. ఆవిడ తల దించుకోలేదు. జీవితంలో మొదటిసారి నలుగురూ తనవైపు చూస్తుంటే ఆవిడకు సిగ్గనిపించలేదు.

మంచి మాటకు కాళ్లుండవు గానీ ఇలాంటి మాటకు రెక్కలుంటాయి. ఆవిడ ఇల్లు చేరకముందే బ్యాటరీ షాపుకు కబురు చేరింది. ఎవరో ఖాతాదారు, ఏం సార్, మీ ఆవిడ ఒక్కతే రేసుకు వెళ్తోందట, మీరు ఇంటికి కాపలానా అన్నాడట. ఆయన చెప్పులు కూడా విప్పకుండా హాల్లోకొచ్చి పడ్డాడు. ఊళ్లో తలెత్తుకోకుండా చేశావన్నాడు, నీకేం తక్కువ చేశానన్నాడు, ఇన్నేళ్ల కాపురంలో ఇంత గుట్టు ఎప్పుడు నేర్చావన్నాడు. ఆవిడ బట్టలు మడత పెడుతూ అన్నీ విన్నది. చివరికి ఆయన బ్రహ్మాస్త్రం తీశాడు. "సరే, నువ్వూ పోతే అమ్మనెవరు చూస్తారు?"

అప్పుడు పక్కగదిలో మంచం కిర్రుమంది. మోకాళ్లు పట్టేసి, ఎవరైనా చెయ్యిస్తే తప్ప గది దాటని అత్తగారు, గోడ పట్టుకుంటూ తనంతట తానే గుమ్మం దాకా వచ్చేసింది. కోడలు గాభరాగా ఎదురెళ్లి చెయ్యందిస్తే ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

"ఒరేయ్, నన్ను అడ్డం పెట్టకు. నీ ముచ్చటకి అడ్డం రాని దాన్ని దీని ముచ్చటకి అడ్డం వచ్చానా? అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇది అడిగింది. మీరు నవ్వారు. నేను ఆ గదిలోంచి విన్నాను."

 తల్లి ఇంకా ఏమంటుందోనని ఆయన గబగబా స్నానాలగదిలోకి దూరాడు. అత్తగారు కోడలి చెయ్యి వదలకుండా మంచం దాకా నడిచి, కూర్చున్నాక ఆవిడ తల నిమిరింది. అత్తా కోడళ్ల మధ్య అలాంటివి ఎప్పుడూ లేవు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కాసేపు కళ్లు తుడుచుకున్నారు.

రెండు రోజులు గడిచాక ఒక మధ్యాహ్నం అల్లుడు ఒక్కడే వచ్చాడు. ప్యాంటు పొడుగైంది, కాస్త మడిచి కుట్టాలత్తయ్యగారూ అన్నాడు. ఆ ప్యాంటు ఆవిడే కుట్టింది. పొడుగు కాలేదని ఇద్దరికీ తెలుసు. అటూ ఇటూ నాలుగు మాటలు నలిపాక పిల్లవాడు అసలు సంగతి బయటపెట్టాడు. అతనికి చప్పుడంటే పడదు. కుక్కరు కూత వేస్తేనే గుండె దడదడలాడుతుంది. రేసు కార్ల మోత వింటే తల పగిలిపోతుంది. మామగారు అంత ఆప్యాయంగా సీటు కొన్నాక వద్దంటే ఏమనుకుంటారోనని ఇన్నాళ్లూ నోరు కట్టేసుకున్నాడు. నా సీట్లో మీరు వెళ్లండత్తయ్యగారూ, నేను మామ్మగారి దగ్గర ఉంటాను, ఇద్దరం పేకాడుకుంటాం అన్నాడు, పెద్ద బరువు దింపుకున్నట్టు.

టైలరమ్మ కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. బంగారం లాంటి అల్లుడు! అయినా తల అడ్డంగా ఊపింది.

"మీ మనసు మంచిది బాబూ. కానీ అందరూ తిన్నాక మిగిలింది తినడం నాకు అలవాటే. దానికెప్పుడూ బాధపడలేదు. ఇది మాత్రం మిగిలింది వద్దు... ఒకళ్లు వద్దనుకున్న సీట్లో కూర్చోవడానికి నేను అంతదూరం వెళ్లను."

అల్లుడు బిక్కమొహం వేసుకుని వెళ్లాడు గానీ, పనిలో పనిగా షాపుకెళ్లి మామగారికి కూడా నిజం చెప్పేశాడు. ఆ సాయంత్రం ఆయన హుషారుగా ఇంటికొచ్చాడు. గొడవ తేలిపోయిందన్నాడు. "అల్లుడు రాడట. వాడి సీటు నీకే. ఇంక ఊరుకో" అన్నాడు, వరం ఇచ్చినట్టు.

"నేను కొనుక్కున్నాను" అందావిడ.

కూతురి చేత ఫోనులో కొనిపించుకుంది. పెద్ద గ్యాలరీలో ఖాళీల్లేవు. ఉన్నా కొనేది కాదు. బాట మెలిక తిరిగే చోట, దూరంగా ఒక గడ్డిగట్టు ఉంది. కుర్చీల్లేవు, నీడ లేదు. ఎవరి దుప్పటి వాళ్లు పరుచుకుని కూర్చోవాలి. మెలిక దగ్గర కార్లు వేగం తగ్గిస్తాయి కాబట్టి ప్రతి కారూ కంటికి ఆనుతుంది. విమానం అందరికీ ఒకటే, దిగాక ఎవరి చోటికి వాళ్లు.

ఆయన మొహం పాలిపోయింది. "ఒక్కటే కొన్నావా? నాతో ఒక్క మాట కూడా చెప్పకుండా?"

"మీరు మూడు కొన్నప్పుడు నాతో చెప్పారా?"

 జవాబు లేని మగవాడు ఏం చేస్తాడు? అలిగాడు! మర్నాటి నుంచి ఇంట్లో మాటలన్నీ కొడుకు మీదుగా నడిచాయి. తువ్వాలు ఎక్కడుందో మీ అమ్మనడుగు అని ఆయన, తీగ మీదుందని మీ నాన్నకి చెప్పు అని ఆవిడ. పాపం వాడు అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు. ఒక పూట తల్లి వెనకాలే వంటింట్లోకొచ్చి, ఆ రోజు ముందు నవ్వింది నేనే కదమ్మా అని తల దించుకున్నాడు. ఆవిడ వాడి వీపు తట్టింది తప్ప, పర్వాలేదని మాత్రం అనలేదు. పర్వా ఉంది మరి.

ఆదివారం వచ్చింది. ఇంకెక్కడో జరుగుతున్న రేసు టీవీలో మొదలైంది. కొడుకు ఊళ్లో లేడు, స్నేహితులూ రాలేదు. ఆయన ఒక్కడే సోఫాలో కూర్చున్నాడు. టీ కోసం అలవాటుగా గుమ్మంవైపు చూస్తే గుమ్మం ఖాళీగా ఉంది. కాసేపటికి ఆవిడ రెండు కప్పులతో వచ్చింది. ఒకటి ఆయన ముందు పెట్టి, రెండోది తీసుకుని సోఫా రెండో చివర కూర్చుంది. ఆయన ఏదో అనబోయాడు. పంతం గుర్తొచ్చి ఊరుకున్నాడు.

రేసు సగం దాటింది. ముందున్న ఇద్దరూ ఒకరినొకరు ఒరుసుకుంటూ పోతుంటే ఆయన కుర్రాడిలా ముందుకు వంగిపోయాడు. ఆవిడ మాత్రం తెర మూలన, ఎప్పుడో ఒకసారి కనబడే బూడిదరంగు కారు కోసం చూస్తోంది. అది అందరికంటే వెనకబడింది. పక్కభాగం ఊడి నేలకు రాసుకుంటోంది. ఇప్పుడో ఇంకాసేపటికో ఆగిపోతుందని వ్యాఖ్యాత ఎగతాళి చేశాడు. గెలిచినవాడు గీత దాటాడు, బాణసంచా పేలింది, ఆయన సోఫా మీద దరువేశాడు. పక్కన ఆవిడ చీర చెంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"ఏమైంది?" ఎన్ని రోజుల తర్వాతో నోటి నుంచి మాట జారిపోయింది.

"అతను కూడా వచ్చేశాడు. ఆగలేదు" అంది.

"ఎవరు?"

"చివరివాడు. నేనెప్పుడూ చివరివాణ్ణే చూస్తాను. మొదటివాణ్ణి చూడటానికి లోకమంతా ఉందిగా."

ఆయన టీవీ చప్పుడు తగ్గించాడు. చాలాసేపు ఆవిడ మొహంలోకి చూశాడు. షాపు వెనక ఒంటిగది, చాప, పక్కన కూర్చుని ఆ నల్ల జెండా ఎందుకండీ అని అడిగే కొత్త పెళ్లికూతురు... ఆవిడ ఎక్కడికీ పోలేదు, ఇదే ఇంట్లో ఉంది. చూడనిది తనే.

"అంటే... ఇన్నేళ్లూ అన్ని రేసులూ చూశావా?"

"అన్నీ. నిలబడి."

ఆవిడ దెప్పడానికి అనలేదు. అడిగారు కాబట్టి చెప్పింది, ఖాళీ కప్పులు తీసుకుని లేచింది. ఆయన మాత్రం టీవీలో బహుమతులు ఇవ్వడం అయిపోయి, ఇంకేదో కార్యక్రమం మొదలైనా అలాగే కూర్చుండిపోయాడు. 

మర్నాడు మేడ మీద కుట్టుగది కిటకిటలాడుతోంది. బడులు తెరిచే రోజులు. యూనిఫారాల కోసం పిల్లల తల్లులు బెంచీ మీద వరసగా కూర్చున్నారు. టైలరమ్మ మెడలో టేపు వేసుకుని ఒకావిడ భుజాలు కొలుస్తోంది. మెట్ల మీద బరువైన అడుగులు వినబడ్డాయి. ఇల్లు కట్టాక ఆయన ఆ గదిలోకి వచ్చింది లేదు. ఆడవాళ్లంతా కొంగులు సర్దుకున్నారు. ఏదో కొంప మునిగిందనుకుని ఆవిడ కూడా టేపు పట్టుకుని నిలబడిపోయింది.

ఊళ్లో తలెత్తుకోలేనన్న మనిషి అంతమంది ఎదుట, గొంతు సవరించుకుని అడిగాడు.

"గ్యాలరీలో నా సీటూ, అల్లుడి సీటూ అబ్బాయి స్నేహితులకి ఇచ్చేశాను. ఆ గడ్డిగట్టు మీద... నీ పక్కన ఇంకో మనిషికి చోటుంటుందా?"

బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి గానీ వెనక్కి తిరగలేదు.

"అడుగుతున్నారా, చెబుతున్నారా?" అంది టైలరమ్మ.

"అడుగుతున్నాను."

ఆవిడ మొహం పక్కకు తిప్పుకుని, కొలుస్తున్న భుజం మళ్లీ మొదటి నుంచి కొలిచింది.

"ఆలోచించి చెబుతాను" అంది.

సాయంత్రం దాకా చెప్పలేదు. చీకటి పడ్డాక, ఇద్దరికి సరిపడే దుప్పటి తీసి నాలుగో టోపీతో పాటు పెట్టెలో సర్దింది.