ధర్మకాంట దగ్గర ఆగే బండి

హసన్‌పర్తి దాటి నాలుగు కిలోమీటర్లు పోయాక, రోడ్డుకు ఎడమ పక్కన ఒక పాత ధర్మకాంట ఉంది. ఒకప్పుడు వడ్ల లారీలు, కంకర లారీలు బరువు తూయించుకోవడానికి అక్కడ వరస కట్టేవి. ఇప్పుడు ఆ ఇనుప పలకల సందుల్లోంచి సర్కారు తుమ్మ మొలిచింది. పక్కనే చిన్న గది... తలుపు లేదు, కిటికీకి అద్దం లేదు.

ఆ గదిలో కూచుని బరువులు రాసే గుమస్తా ఒక రాత్రి, వెనక్కి వస్తున్న లారీకీ గోడకూ మధ్య నలిగి చనిపోయాడంటారు. అప్పటినుంచి రాత్రిపూట అక్కడ బండి ఆపితే, కిటికీలోంచి మెల్లగా అడుగుతాడట —

"ఖాళీ బండా... లోడు బండా?"

ఏ జవాబు చెప్పినా తప్పేనట. అందుకే ఆ దారిన పోయే ఆటోవాళ్లు అక్కడ హారన్ కూడా కొట్టరు.

వినోద బండి సరిగ్గా అక్కడే ఆగింది.

వినోదది ఎనిమిది సీట్ల పాత పెట్రోల్ వ్యాన్. హనుమకొండలో ఒక దవాఖాన నుంచి రాత్రి పదింటికి డ్యూటీ దిగే నర్సులనూ ఆయాలనూ వాళ్ల వాళ్ల ఊళ్లకు చేర్చడం ఆమె పని. ఆ వేళకు బస్సు ఉండదు. తెలియని ఆటో ఎక్కాలంటే భయం. వినోద స్టీరింగ్ మీద ఉందంటే మాత్రం ఏడు ఇళ్లల్లో నిశ్చింతగా అన్నం తినేవాళ్లు.

ఎండాకాలంలో ఆ బండి ఇంజన్ పట్టేసింది. మెకానిక్ వెంకట్రాజం బండిని పది రోజులు హనుమకొండలోని తన షెడ్డులో ఉంచుకుని, ఎక్కడినుంచో తెచ్చిన రీకండిషన్ ఇంజన్ బిగించి ఇచ్చాడు. మొదటి రాత్రే... ధర్మకాంట ముందు బండి రెండుసార్లు ఎగిరిపడి, పీక నొక్కినట్టు ఆగిపోయింది.

సెల్ఫ్ కొడితే తిరుగుతుంది గాని అందుకోదు. కిటికీలు మూసుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఏడుగురు ఆడవాళ్లు చీకట్లో కూచున్నారు. పావుగంట గడిచాక మళ్లీ తాళం తిప్పితే — ఎవరో పట్టు వదిలినట్టు — ఠక్కున అందుకుంది.

రెండో రాత్రీ అంతే. మూడో రాత్రీ అంతే. అదే చోటు... అదే పావుగంట.

పగలు మాత్రం ఏ పేచీ లేదు. స్టేషన్‌కు పోతుంది, మార్కెట్‌కు పోతుంది, చెప్పినట్టు వింటుంది.

"ప్లగ్గులు మార్చిన. కాయిల్ మార్చిన. కార్బొరేటర్ కడిగిన. ఇంక నా తలకాయ మార్చాల్నా?" అని వెంకట్రాజం నలుగురి ముందు విరుచుకుపడ్డాడు. "నా ఇంజన్ బంగారమసొంటిది. నడిపేటోళ్లకు నడుపుడు రావాలె."

"పన్నెండేండ్ల సంది నడుపుతాన అన్నా. నువ్వు ఇంజన్ పెట్టినంకనే ఆగుతాంది."

"అయితే దయ్యమే ఆపుతాంది. మంత్రగాన్ని తోల్కపో, నా కాడికెందుకు?"

"ఆ ఇంజన్ ఏ బండిదో అదన్న చెప్పు."

"ఇంజన్‌కు కూడ కులం, గోత్రం అడుగుతవా!" అని చేతిలో పానా నేలకేసి కొట్టాడు.

అతను చెప్పలేదు. చెప్పకపోయేసరికి దవాఖాన మెట్ల మీద కథ అల్లుకుంది. అది ఆ గుమస్తాను చంపిన లారీ ఇంజనేనట... లారీ ఇంజన్ వ్యాన్‌లో ఎట్లా పడుతుందని ఒక్కరూ అడగలేదు.

ఒకామె దవాఖాన దగ్గరే గది తీసుకుంది. ఒకామెను మొగుడు బైకు మీద ఎక్కించుకుపోయాడు, వినోద ముఖం కూడా చూడకుండా. ఎవరో పొద్దున్నే బండి టైరు కింద కోసిన నిమ్మకాయలు పెట్టిపోయారు. నవ్వుతూ పలకరించే వాళ్లు బండిని చూసి అటు పక్కనుంచి నడిచారు. వారం తిరిగేసరికి మిగిలింది ఇద్దరే — ముసలి ఆయా మొగిలమ్మ, చిన్న వయసు నర్సు షారోన్. నమ్మకం ఉండి కాదు. వాళ్లకు వేరే దారి లేదు.

ఆ సాయంత్రం వినోద షెడ్డు గేటుకు అడ్డంగా బండి పెట్టి, తాళం పిడికిట్లో పట్టుకుని నిలబడింది.

"ఇయ్యాల రాత్రి నాతోని వస్తవ్. రాకుంటే ఈ బండి ఈడికెల్లి కదలది."

"భయపెడుతున్నవా?"

"భయపడుతున్నవా?"

షెడ్డులో పనివాళ్లు కిసుక్కుమన్నారు. ఇక వెంకట్రాజానికి రాక తప్పలేదు.

పది దాటింది. రోజూలాగే వినోద బంక్‌లో పెట్రోల్ పోయించుకుని బయల్దేరింది. పక్క సీట్లో వెంకట్రాజం పానాల సంచి ఒళ్లో పెట్టుకుని మూతి ముడుచుకున్నాడు. వెనక మొగిలమ్మ, షారోన్ కూచున్నారు. హసన్‌పర్తి చెరువు గాలి ఒకసారి చల్లగా తాకింది. ఆ తర్వాత ఇళ్లు అయిపోయాయి... దీపాలు అయిపోయాయి...

"ఇంజన్ సప్పుడు ఇను," అన్నాడు వెంకట్రాజం. "ఎంత సాఫ్‌గ —"

బండి ఎగిరిపడింది. ఒకసారి. రెండోసారి.

ఆగింది.

కిటికీ పక్కన ధర్మకాంట.

షారోన్ పెదాలు చప్పుడు లేకుండా కదులుతున్నాయి... ప్రార్థన. మొగిలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ బండికి ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. వెంకట్రాజం సీటు లేపి, ప్లగ్గు తీసి చూశాడు. నిప్పు బాగానే పడుతోంది. పెట్రోల్ పైపు ఊడదీసి ఒక సీసాలో పెట్టి, "సెల్ఫ్ కొట్టు," అన్నాడు. వినోద కొట్టింది. సీసాలో ఒక్క చుక్క పడలేదు.

"ట్యాంక్‌ల పెట్రోల్ లేదు!"

"నీ కండ్ల ముందట్నే పోయించిన గద."

"మరి ఎవడు తాగిండు?"

ముగ్గురు ఆడవాళ్లూ ఒక్కసారి గది దిక్కు చూశారు.

"మూత... తీసి చూడు పో," అన్నాడు మెల్లగా.

"నువ్వు పో."

"బండి నీది."

ట్యాంక్ మూత ఎడమ పక్కన ఉంది — గది వైపు. వినోద ఫోన్ టార్చి పట్టుకుని బండి చుట్టూ తిరిగి వెళ్లింది. కిటికీ కన్నం ఆమె వీపుకు పది అడుగుల దూరంలో నల్లగా నోరు తెరిచి ఉంది. తిరిగి చూడొద్దు అనుకుంది. మూతకు ఉన్న తాళంలో చెవి పెట్టబోతే జారింది. మళ్లీ జారింది. మూడోసారి దూరింది.

తిప్పింది.

హూ...ష్‌...ష్‌...ష్‌...

ఎవరో దీర్ఘంగా ఊపిరి లోపలికి పీల్చారు — ఆమె చేతికిందే! ఆ వెంటనే బండి కడుపులోంచి... ఠంగ్!

మొగిలమ్మ కెవ్వుమంది. వినోద చేతిలోంచి మూత ఎగిరిపడింది. అవతలి పక్క "అవ్వా!" అని వెంకట్రాజం రోడ్డు మీద కూలబడ్డాడు.

ఎవరూ కదల్లేదు. కీచురాళ్ల రొద ఒక్కటే.

ముందుగా కదిలింది వెంకట్రాజం. అతని ముఖంలో భయం పోయి ఇంకేదో వచ్చింది. "వినోదా... సెల్ఫ్ కొట్టు. జల్ది!"

కొట్టింది. సీసాలోకి పెట్రోల్ సర్రున చిమ్మింది.

అతను పరుగున వచ్చి మూత వెతికి తీసి, టార్చి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. "తూటు లేదు! దీనికి గాలి తూటే లేదు! పెట్రోల్ తగ్గినకొద్దీ ట్యాంక్‌లకు గాలి పోవాలె. పోకుంటే పంపు గుంజలేదు. బంక్‌ల మూత తీసి పెట్టినంక సరిగ్గ ఈడిదాక వస్తే ఊపిరాడక ఆగుతాంది. పావుగంట ఉంటే సన్నంగ గాలి ఎక్కుతాంది. పగలు గడిగడికి బండి ఆపుతవు గనక తెలుస్తలేదు. ఇప్పుడు ఇన్నది... లోపలికి నొక్కుకపోయిన రేకు లేసిన సప్పుడు!"

ఊపిరి తీసుకుని మళ్లీ గొంతు లేపాడు. "నన్ను, నా ఇంజన్‌ను ఊరంత బద్నాం చేసినవు. ఈ మూత నేను పెట్టింది కాదు. ఎవడు పెట్టిండు?"

"నేనే పెట్టిన," అంది వినోద. "పది దినాలు నీ షెడ్డుల ఉన్న బండి నా చేతికి వచ్చేసరికి ట్యాంక్‌ల సుక్క పెట్రోల్ లేదు. ఎవరు తీసిండ్రో నీకెరుక. నీ తానికి మళ్ల తేవాల్సి వస్తదనే తాళం మూత కొన్న."

వెంకట్రాజం మేకు, సుత్తె తీసుకుని పోయి, ధర్మకాంట ఇనుప పలక మీద మూత పెట్టి ఒకే దెబ్బతో తూటు కొట్టుకొచ్చాడు. పైపు బిగించాక బండి అందుకుంది.

మొగిలమ్మనూ షారోన్‌నూ ఇళ్ల ముందు దించి, వినోద తన ఊరికి చేరేసరికి పదకొండున్నర. ఆమె తాళం వెంకట్రాజం చేతిలో పడేసింది.

"నువ్వు బిగించిన ఇంజనే గద. హనుమకొండకు నడుపుకపో. పొద్దున తెచ్చియ్యి."

బండి శబ్దం రోడ్డు మలుపు దాటి సన్నగిల్లింది. వినోదకు వారం తర్వాత కంటినిండా నిద్ర పట్టింది. అర్ధరాత్రి దాటాక ఎక్కడో రివర్స్ గేరు మూలుగు వినిపించినట్టయింది... కల అనుకుంది.

తెల్లారి తలుపు తీస్తే, బండి వాకిట్లోనే ఉంది. వెనక భాగం ఇంటి దిక్కు, ముందు భాగం రోడ్డు దిక్కు. అద్దాలన్నీ మూసి ఉన్నాయి. లోపల వెంకట్రాజం చెమటతో తడిసి, స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని మేలుకునే ఉన్నాడు. ఆమె అద్దం కొడితే ఉలిక్కిపడ్డాడు.

"మళ్ల ఆగిందా అన్నా?"

"ఆగలే. బండికేం కాలే."

"మరి?"

అతను స్టీరింగ్ వదలకుండానే చెప్పాడు.

"కాంట పలకల మీద ఒకాయన నిలబడ్డడు. లైట్లు పడంగనే రెండు చేతులతోని... రా, రా, ఇటు ఎక్కియ్యి... అన్నట్టు ఊపిండు."

వినోద దారి దిక్కు చూసింది, బండి నిలబడ్డ తీరు చూసింది. "ఆడికెల్లి... ఈడిదాక రివర్స్‌లనే వచ్చినవా? బండి తిప్పుకునే జాగ దొరకలేదా?"

"జాగ ఉన్నది చెల్లె." అన్నాడతను. "తిప్పితే వెనక డోర్ ఆయన దిక్కయితది... ఆ డోర్‌కు గొళ్లెం పడ్తలేదు."