మూయని ఫైలు

"విఘ్నేశ్వర్, ఫైలు మూస్తవా, కరెంట్ బంద్ చెయ్యమంటవా?"

నిషిత అతనితో అన్న మొట్టమొదటి మాట ఇది. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఆ చిన్న ఆఫీసులో, టీమంతా పని వివరాలు రాసే డాక్యుమెంటేషన్‌కు ఒకే ఫైలు. ఒకరు తెరిస్తే మిగతావాళ్లకు తాళం. రాయాలంటే తెరిచినవాళ్ల సీటు దాకా వెళ్లి బతిమాలాలి, లేదా తిట్టాలి. నిషితకు రెండోది బాగా వచ్చు.

ఆ తిట్టు ఎంత నచ్చిందో, విఘ్నేశ్వర్ ఆ రోజు నుంచి టీకి వెళ్లేటప్పుడు ఫైలు మూయడం మానేశాడు. ఆడపిల్లతో మాట కలపడానికి ఆ లక్డారం ఊరి పిల్లగాడికి అంతకంటే మంచి ఉపాయం తట్టలేదు.

"మీ ఇంట్ల తలుపులు గూడ మూయరా?"

"మూస్తం. జెర మర్చిపోయిన."

"రోజూ మర్చిపోతున్నవు. డాక్టర్‌కు సూపెట్టుకో."

అతని వలపంతా ఇంతే. దాని మీదా దెబ్బ పడింది. వీళ్ల గొడవ వినలేక మేనేజర్ రాజశేఖర్ సార్, "అందరూ ఒకేసారి రాసుకునే ఆన్‌లైన్ టూల్ తీసుకుందాం. ఏది మంచిదో మీరిద్దరే చూసి చెప్పండి" అన్నారు.

ఉరితాడు నువ్వే ఎంచుకో నాయనా అన్నట్టుంది విఘ్నేశ్వర్‌కు. ట్రయల్ చేసిన ప్రతి టూల్‌కూ వంక పెట్టాడు. ఒకటి స్లో. ఒకదాంట్లో వెతికితే ఏదీ దొరకదు. ఇంకోటి పాత వెర్షన్లు దాచదు. చివరిదానికి ఏ వంకా దొరక్క, "రంగు మంచిగ లేదు" అన్నాడు.

నిషిత తల తిప్పి చూసింది. "చీర కొంటున్నవా ఏంది?"

ఆ సాయంత్రం వాన. ఫైలు గొడవలో కంపెనీ బస్సు తప్పిన నిషిత ఆఫీసు దగ్గరి ఇస్నాపూర్ చౌరస్తాలో సంగారెడ్డి బస్సు కోసం తడుస్తూ నిలబడింది. విఘ్నేశ్వర్ బైక్ మీద వెళ్తూ చూశాడు. తన ప్రేమ ఆ పిల్లకు ఇప్పటిదాకా ఇచ్చింది తడిసిన చెప్పులే. ఆగి, రా అని పిలిచే ధైర్యమూ లేకపోయింది.

మర్నాడు, "ఆ చివరిదే తీసుకుందాం సార్" అన్నాడు.

టూల్ అద్భుతంగా పనిచేసింది. ఏడుపంతా అదే. నిషిత పేరు ఆకుపచ్చగా పేజీ మీదికొచ్చేది, నాలుగు ముక్కలు దిద్దేది, పోయేది. మనిషి మాత్రం సీటు దగ్గరికి రాలేదు. ఇంట్లో అన్నం కెలుకుతుంటే తల్లి సత్తెమ్మ, "ఏందిరా, కంపెనీల తీసేసిండ్రా?" అంది. తీసేసినా ఇంత బాధ ఉండేది కాదు.

వారం తర్వాత నిషిత వచ్చి, పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పాత ఫైలున్న సర్వర్ ఎవరు సూసుకునేది?"

"నువ్వే గద."

"ఎవరన్న తెరిచి మర్చిపోతే, నా సీట్ల కూసోనే మూయొచ్చు. ఒక్క బటన్."

విఘ్నేశ్వర్ నోరు తెరిచాడు. అదీ మూయడం మర్చిపోయాడు.

"మరి రోజూ ఎందుకొచ్చినవు?"

"ఆ బటన్‌కు తిట్టనీకి రాదు."

"కొత్త టూల్‌కు ఎందుకు ఒప్పుకున్నవు మరి?"

"ఫైలు లేకుంటెనన్న వేరే ముచ్చట తీస్తవేమోనని. చౌరస్తాల సూసి గూడ ఆగకపోతివి. ఇగ నీతోని కాదని నేనే వచ్చిన."

బయట చినుకులు మొదలయ్యాయి. కింద కంపెనీ బస్సు హారన్ కొట్టింది. నిషిత కదల్లేదు.

"బస్సు పోతది" అన్నాడు.

"పోనీ. చెప్పేదేందో జల్దీ చెప్తే, వాన పెద్దగ కాకముందే నీ బైక్ మీద పోదం."

చెప్పాడు. సగం మింగాడు, సగం చెప్పాడు. నిషితకు ఆ సగం చాలింది.

లేచి హెల్మెట్ తీసుకున్నవాడల్లా ఆగి, ఎవరూ అడక్కుండానే, మొదటిసారి తెరిచిన పేజీ మూశాడు.