అడగకుండా వదిలిన చేపలు

పొద్దున లేవగానే ఆ ఇంటి కోడలు మొదట చేసే పని, హాల్లో అద్దాల తొట్టికి లైటు వెయ్యడం. కాఫీ ఆ తర్వాతే. నాలుగడుగుల తొట్టి, అందులో పదకొండు రకాల నీటిమొక్కలు, ముందు భాగమంతా పరుచుకున్న పచ్చిక. ఆ పచ్చిక ఊరికే రాలేదు. కట్టుడుపళ్లు తయారుచేసే ల్యాబులో ఆమె వాడే సన్నటి పట్టకారుతో ఒక్కొక్క పోచా ఇసుకలో గుచ్చి, మూడేళ్లు పెంచింది. రోజంతా ఎవరి నోళ్లకో పళ్లు చెక్కి ఇంటికొచ్చాక ఆమె కళ్లు చల్లబడేది అక్కడే.

ఆ గురువారం లైటు వేస్తే లోపల ఏముంది? ఇసుక. మొదళ్ల దాకా కొరికేసిన కాడలు. నీటి మీద తేలుతున్న ఆకుముక్కలు. మధ్యలో అరచేతులంత బంగారు చేపలు నాలుగు, ఇంకా ఏమైనా మిగిలిందా అన్నట్టు ఇసుకలో మూతులు పెట్టి తవ్వుతున్నాయి. చేపల తప్పేముంది పాపం, ఆకు కనిపిస్తే తినడం వాటి పుట్టుక. వాటిని తెచ్చి అందులో వదిలిన మనిషికి ఉండాలి బుద్ధి.

ఆ మనిషి ఆమె మొగుడే. తుంటి ఎముక విరిగి ఆపరేషనైన తండ్రిని కిందటి శనివారం ఇంటికి తీసుకొచ్చాడు. అందుకు ఆమె కాదనలేదు, ముందుగదిలో మంచం తనే వేసి, దుప్పటి తనే పరిచి పనికెళ్లింది. సాయంత్రం వచ్చేసరికి మామగారితో పాటు ఆయన చేపలు కూడా దిగాయి, అదీ తన తొట్టిలో. ఇదేమిటని అడిగితే భర్త గొంతు తగ్గించాడు. నాన్న పట్టుబట్టారు, చేపలు లేకపోతే నేనూ రానన్నారు, ఆ వయసులో ఆయన్ని ఏమనను అన్నాడు. కాలు కదపలేని మనిషి పక్కగదిలో ఉండగా రభస ఎందుకని ఆమె కోపాన్ని మింగేసింది. పోనీ చేపలకి ఒక టబ్బయినా తెమ్మంటే ఆదివారం అన్నాడు. ఆదివారం వస్తే సోమవారం అన్నాడు.

భర్త ఉద్యోగమే అలాంటిది. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఫోన్లెత్తుతాడు. లిఫ్టు ఆగిపోయిందని అరిచేవాళ్లకి, మెకానిక్కు బయల్దేరాడండీ అంటాడు. ఇంకా భోజనం దగ్గరే ఉన్న మెకానిక్కుకి, వాళ్లకేం తొందర లేదట, నిమ్మదిగా వెళ్లు అంటాడు. ఇద్దరూ సంతోషిస్తారు, లిఫ్టు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పాము చావకుండా కర్ర విరగకుండా నెట్టుకురావడం గొప్ప విద్య అని ఆయన నమ్మకం. ఆ విద్యని ఆఫీసులో వదిలి రావాలన్న జ్ఞానం మాత్రం లేదు.

ఆ ఐదు రోజులూ కోడలు మామగారితో పొడిమాటలే మాట్లాడింది. మందులు వేళకిచ్చింది, వాకరు అందించింది, నీళ్లు కాచిపెట్టింది, కానీ మొహం మాత్రం ముడుచుకునే ఉంది. ఆయనా తలెత్తి చూసేవాడు కాదు. చేసిన ఘనకార్యానికి ఇంకెలా చూస్తాడులే అనుకుంది. ఫోనులో ఆడపడుచుతో చెప్పుకుంటే, మొక్కలే కదా వదినా, మళ్లీ మొలుస్తాయిలే అంది. ఆవిడ జడ కత్తిరించి, మళ్లీ మొలుస్తుందిలే అంటే అప్పుడు తెలిసేది.

అదే రోజు సాయంత్రం ల్యాబు నుంచి వచ్చేసరికి తొట్టి నిండా మొక్కలున్నాయి. ఆకుపచ్చవి, ఎర్రవి, వంగపండు రంగువి, అన్నీ ఒకే ఎత్తువి. దగ్గరికెళ్లి చూస్తే ప్లాస్టిక్కు. భర్త మెచ్చుకోలు కోసం పక్కనే నిలబడ్డాడు. ఇప్పుడు తినమను చూద్దాం అని నవ్వాడు. నీకూ కత్తిరించే పని తప్పింది, ఎరువుల గోల వదిలింది అన్నాడు.

ఆమె అతని నవ్వు వైపు చూడలేదు. ఇసుక వైపు చూసింది.

“పాత కాడలేవి?”

“ఆ మోళ్లా? పీకేశాను. మధ్యాహ్నమే చెత్తబండి పట్టుకెళ్లింది.”

“వాటికి వేళ్లున్నాయి. చేపల్ని తీసేస్తే రెండు వారాల్లో చిగురించేవి.”

“నాకేం తెలుసు?”

“అడిగితే తెలిసేది.”

ఇంకెవరైనా అయితే అక్కడే కడిగేసేవాళ్లు. ఆమె మాత్రం భుజాన బ్యాగు కూడా దించకుండా సరాసరి మామగారి గదిలోకి నడిచింది. గోడకి చెప్పుకునేకన్నా, గోడ కట్టినవాడినే అడగాలనుకుంది. వెనకాలే భర్త, ఇప్పుడెందుకు, నేను చెప్తానుగా అంటూ వచ్చాడు.

“మామయ్యగారూ, చేపలు లేకపోతే రానని పట్టుబట్టారట. వచ్చాయి. నా మొక్కలన్నీ పోయాయి. ఇల్లు నాదే, తొట్టి నాదే, ఒక్క మాట నన్నడగాలని మీకూ అనిపించలేదా?”

పెద్దాయన కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. కోడలి వైపు చూసి, ఆమె భుజం మీదుగా కొడుకు వైపు చూశాడు.

“నేను పట్టుబట్టానా? అమ్మాయ్, ఇన్నేళ్లు బంగారు చేపల్ని పెంచినవాణ్ణి, మెత్తటి ఆకుని అవి బతకనివ్వవని నాకు తెలీదా? నీ భార్య మొక్కలు పాడవుతాయిరా అని వీడికి రెండుసార్లు చెప్పాను. రెండు తొట్లెందుకు, మామయ్యగారి చేపల్ని నా దాంట్లోనే వెయ్యమని నువ్వే అన్నావన్నాడు. ఎంత పెద్ద మనసు అనుకున్నాను. ఆ తర్వాత నీ మొహం చూసి, ఒప్పుకుని పాపం బాధపడుతోందని సిగ్గుతో చచ్చిపోతున్నాను.”

“నేనా మాట అననే లేదు.”

“అవి ఎన్నాళ్లో ఉండవులేమ్మా. కాలు నిలబడగానే వాటిని పట్టుకుని మా ఇంటికి వెళ్లిపోతాను. నా తొట్టి అక్కడే ఉందిగా.”

కోడలికి చెప్పక తప్పలేదు. “మీ అద్దె ఇల్లు ఖాళీ చేసేశారు కదా మామయ్యగారూ. ఇక ఒక్కణ్ణీ ఉండలేను, తాళాలిచ్చెయ్యమని మీరే అన్నారని ఈయన చెప్పారు. సామానంతా గోదాములో ఉంది.”

కొడుకు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఎంతమందికి ఎన్ని కబుర్లు చెప్పాడో గానీ, ఆ కబుర్లు విన్న ఇద్దరూ ఎదురుపడి సరిచూసుకుంటారని ఎన్నడూ ఊహించలేదు.

“తాళాలిచ్చేశావా?” అన్నాడు పెద్దాయన. “పదహారేళ్లున్న ఇల్లురా. నా కాలే విరిగింది. నోరు బాగానే ఉంది కదా, అడగడానికేం?”

“అడిగితే ఇద్దరూ వద్దంటారని తెలుసు నాన్నా. అందుకే అడగలేదు. ఎవరికీ గొడవ లేకుండా చేద్దామనుకున్నాను.”

“వద్దంటామని తెలిసే, ఒప్పుకున్నామని చెప్పారు,” అంది కోడలు. “మామయ్యగారిని నేను ఐదు రోజులు తిట్టుకున్నానండీ. మందులిస్తూ తిట్టుకున్నాను. ఆ పాపం కూడా నాకే అంటగట్టారు.”

పెద్దాయన కోపంతో వాకరు మీద చెయ్యి వేసి లేవబోయాడు. సగంలో ఆగి మళ్లీ కూలబడ్డాడు. తిట్టబోయిన నోరు తిట్టలేదు. కిందికి చూస్తూ మొదలుపెట్టాడు.

“మీ అమ్మ ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేది. నీకు గుర్తుండదు. భూములు కొలిచే ఉద్యోగం నాది, బదిలీ వచ్చింది. ఆవిడ మానేస్తోంది, ఒప్పుకుంది అని వాళ్లకి నేనే వెళ్లి చెప్పొచ్చాను. మర్నాడు పొద్దున్నే ఆవిడ అన్నం డబ్బా కట్టుకుని పనికెళితే, కుర్చీలో ఇంకెవరో కూర్చుని ఉన్నారట. ఇంటికొచ్చి ఏమీ అనలేదు. అనలేదు కాబట్టి నిజంగానే ఒప్పుకుందని ఆవిడ పోయేదాకా నమ్మాను.” ఆయన కళ్లు తుడుచుకున్నాడు. “ఈ ఐదు రోజులూ ఈ అమ్మాయి నాకు మందులిస్తుంటే, ఈ మొహం ఎక్కడో చూశానే అనుకున్నాను. ఆవిడదేరా. ఈ విద్య నీకు ఎక్కడిదని తిట్టబోయాను. నా దగ్గరిదే.”

కొడుకు నేల మీద కూర్చుండిపోయాడు. తండ్రి పాదం దగ్గర తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కోడలు అతన్ని ఊరుకోబెట్టలేదు. ఏడవనీ అనుకుంది. ఏడవాల్సిందే.

కాసేపటికి అతనే లేచి ప్లాస్టిక్కు మొక్కలన్నీ పీకి బయట పడేశాడు. పక్కింట్లో అడిగి తెచ్చిన పెద్ద టబ్బులోకి చేపల్ని జాగ్రత్తగా మార్చాడు. మోచేతుల దాకా తడితో మళ్లీ గదిలోకి వచ్చి, తండ్రి ముందు నిలబడ్డాడు.

“నాన్నా, మీరిక్కడ ఉంటారా? వెళ్లిపోతానంటే ఆ ఇంటాయన కాళ్లావేళ్లా పడి తాళాలు తెస్తాను.”

“ముందు ఆ అమ్మాయిని అడుగు. నేను వచ్చింది తన ఇంటికి.”

“తనకేం, తను సరే...” అనబోయి అతను నాలిక కరుచుకున్నాడు. భార్య వైపు తిరిగాడు. “నువ్వేమంటావు?”

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. తెలియక కాదు. తన జవాబు కోసం ఒక మనిషి నిలబడి ఉంటే ఎలా ఉంటుందో కాస్త చూడాలనిపించింది.

“మామయ్యగారు ఉంటే నాకు ఇష్టమే, ఆయనకీ ఇష్టమైతేనే. చేపలు మాత్రం నా తొట్టిలో వద్దు. గోదాము నుంచి ఆయన తొట్టి రేపే తీసుకురండి.”

“అందులో మొక్కలు కూడా పెట్టుకోవచ్చమ్మా,” అన్నాడు పెద్దాయన ముక్కు చీదుకుంటూ. “తోలులాంటి మందపాటి ఆకులవి రాయికి దారంతో కట్టి పెడితే ఇవి అంతగా జోలికి పోవు. ముందుగా ఉడికించిన పాలకూర కడుపు నిండా వెయ్యాలి. నేను దగ్గరుండి చూపిస్తాను. ఇక ఉండే సంగతి రెండు రోజులు ఆలోచించుకుని చెప్తాను.”

రేపు సెలవు దొరకదేమోనన్న మాట కొడుకు పెదాల దాకా వచ్చింది. ఆదివారం అన్న మాట కూడా వచ్చే ఉంటుంది.

“సరే,” అన్నాడు. “రేపే తెస్తాను.”

కోడలు అప్పుడు భుజం మీది బ్యాగు దించి, మంచం అంచున కూర్చుని ఏడ్చింది. పదేళ్ల కాపురంలో ఆమె వద్దన్న మాటని, ఇంకో మాటగా మార్చకుండా అతను విన్నది అదే మొదలు.