పిచ్చుకలు లేవన్న జీవరాజు సార్

తన రీసెర్చ్ పేపర్‌ని ఎవరో తమ పేపర్‌లో ప్రస్తావించారని నెట్‌లో కనబడగానే జీవరాజు స్టాఫ్‌రూమ్ అంతటికీ సమోసాలు తెప్పించాడు.

సికింద్రాబాద్‌లోని ఆ ప్రైవేటు కాలేజీలో అలాంటి ప్రస్తావన, అంటే సైటేషన్, ఒక్కటైనా లేనిదే లెక్చరర్‌ని పర్మనెంట్ చేయరు. తోటివాళ్ళు ‘నా పేరు నువ్వు రాయి, నీ పేరు నేను రాస్తా’ అని ఒప్పందాలు చేసుకుని గట్టెక్కారు. జువాలజీ చెప్పే జీవరాజుకి అలా అడగడానికి మొహం చెల్లలేదు.

సమోసా సగం తిన్నాక ఆ పేపర్ తెరిచి చదివాడు. ‘మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో పిచ్చుకలు లేవన్న జీవరాజు మాట పూర్తిగా తప్పు.’ కింద మేబెల్ అనే పేరు, మెట్టుగూడలో ఇంటి అడ్రసు.

మిగతా సమోసా పక్కన పెట్టేశాడు. సాయంత్రం వానలో తడుస్తూనే వెళ్ళి తలుపు తట్టాడు. నూకల గిన్నెతో ఓ అమ్మాయి తలుపు తీసింది.

“మేబెల్ గారంటే...”

“నేనే. మీరు?”

“మీరు తప్పని రాసిన జీవరాజుని!”

ఆమె నవ్వాపుకుంటూ టవల్ అందించింది. “కొట్లాటకొచ్చిన్రా? జెర తల తుడుచుకొని షురూ చెయ్యండి సార్.”

“నేను తిరిగి చూసిన మేడమ్. ఒక్క పిచ్చుక లేదు.”

“ఎప్పుడు చూసిన్రు?”

“ఎండాకాలం సెలవుల్ల. మధ్యాహ్నం.”

“ఆ ఎండకు మనుషులే బయటికి రారు, పిచ్చుకలెట్ల వస్తయ్? రేపు పొద్దుగాల రండి, చూపిస్త.”

మర్నాడు పొద్దున రైల్వే క్వార్టర్ల చూరుల కింద, కరెంటు మీటర్ల వెనక, ఎక్కడ చూసినా పిచ్చుకలే. జీవరాజు కాసేపు వాటిని చూశాడు. తర్వాత వేలు చాపి చూపిస్తున్న మేబెల్‌ని చూస్తూ ఉండిపోయాడు.

“సార్, పిచ్చుక అటుంది.”

అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు. “తప్పు నాదే. పేపర్ వెనక్కి తీసుకుంట.”

అన్నంత పనీ చేశాడు. ప్రిన్సిపాల్ పర్వతాలు తల పట్టుకున్నాడు. “ఏందయ్యా! తిడితే మాత్రం సైటేషన్ కాదా? ఇగ పర్మనెంట్ సంగతి మర్చిపో.”

“పిచ్చుకలున్నయ్ సార్. నేను చూసిన” అన్నాడు జీవరాజు.

సంగతి తెలిసి మేబెల్ కాలేజీకే వచ్చేసింది. “తప్పంటే దిద్దుకుంటరు గానీ నౌకరీ మీదికి తెచ్చుకుంటరా? పదండి, ఇద్దరం కలిసి మళ్ళ రాద్దాం.”

ఆ చలికాలమంతా తెల్లవారకముందే మెట్టుగూడ చేరడం అతనికి అలవాటైంది. పిచ్చుకల మీద గొడవలు, గొడవల మధ్య ఆమె పోసిచ్చే చాయ్. వాళ్ళ పేపర్ అచ్చయింది. ముఖపరిచయం కూడా లేని వాళ్ళెవరో దాన్ని మెచ్చుకుంటూ ప్రస్తావించారు. పర్వతాలు పర్మనెంట్ ఆర్డర్ చేతికిస్తూ, “నా పేరు సుత ఒక మూలకు వేస్తే ఏం పోయేదయ్యా!” అని నిట్టూర్చాడు.

ఆర్డర్ తీసుకుని జీవరాజు నేరుగా మేబెల్ ఇంటికే వచ్చాడు. వరండాలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

“పేపర్ అయిపోయింది. రేపట్నుంచి రానీకి కారణం లేదు.”

“కారణం లేకుంటే రారా?” అక్కడే కూర్చుని నూకలు చెరుగుతున్న మేబెల్ తల ఎత్తలేదు.

“ఉంది. మీరే... చెప్పనీకి భయమైతుంది.”

పక్కనే న్యూస్‌పేపర్ చదువుకుంటున్న ఆమె తండ్రి ప్రభుదాస్, రిటైర్డ్ రైల్వే గార్డు, కళ్ళద్దాలు తీశాడు.

“బాబూ, మీరు రాసిన దాంట్ల ఎవరి పేరు ముందుంది?”

“మేబెల్ గారిదే అంకుల్.”

“పెళ్ళికార్డు మీద సుత అట్లనే వేయిస్త. నీకేం తక్లీఫ్ లేదు గద?”

“డాడీ!” అంటూ మేబెల్ లోపలికి పరుగెత్తింది. తలుపు మాత్రం వేసుకోలేదు.