దేవి కుడివైపు

చింతలగిరి కోటచుట్టూ శత్రువుల గుడారాలు పరచుకొని, లోపల ధాన్యపు కొట్లు అడుగంటి, తల్లులు బిడ్డలకు గంజినీళ్లు పట్టి నిద్రపుచ్చుతున్న ఆ దుర్దినాలలో, ఎర్రభూపాలుడు సపరివారంగా ఏకవీరాదేవి సన్నిధిలో చేతులు జోడించి నిలిచాడు. సంధి చేసుకొని తలుపులు తెరవాలని మంత్రి సూరనామాత్యుడు, తెరిస్తే కోట దక్కదని సేనాని బొల్లమనాయకుడు పట్టుబట్టగా, తీర్పు అమ్మవారికే విడిచారు. తల్లి శిరసుపై ఉంచిన పువ్వు ఆమె కుడివైపు జారితే సమ్మతి, ఎడమవైపు జారితే వద్దని ఆనతి. అది అక్కడి తరతరాల ఆచారం.

పువ్వు జారింది.

"కుడివైపే పడింది! తల్లి అనుగ్రహించింది ప్రభూ!" అని సూరన ఎలుగెత్తాడు. చూస్తున్నవారందరికీ కుడిచేతివైపే పడింది మరి. అర్చకుడు మంత్రి మనిషి, నోరు మెదపలేదు. ఆకలిమీదున్న జనం జేజేలు కొట్టారు. బొల్లమనాయకుడు కూడా, పాపం, లెంపలు వేసుకొని తలవంచాడు.

సాయంకాలం తలుపులు తీయించే పని అతనికే అప్పగించారు. వెళ్లేముందు ఇంటికి వస్తే, భార్య కామసాని రక్షతోరం పట్టుకొని ఎదురుగా నిలిచి, కన్నీళ్లతోనే అతని ఎడమచేయి అందుకొంది.

"అది కాదు కామసానీ, కుడిచేతికి కదా కట్టాలి."

"ఎదురుగా నిలిచాను కదండీ, నా కుడివైపున్న చేయి పట్టుకొని పొరబడ్డాను" అని ఆమె తోరం మార్చి కట్టింది.

నాయకుడు చటుక్కున గుడివైపు తిరిగి చేతులు జోడించాడు. "అయ్యో తల్లీ! నీవూ మాకు ఎదురుగానే కూర్చున్నావు కదా! మా కుడి నీకు ఎడమ. వద్దని నీవు ఆనతిస్తే మేము జేజేలు కొట్టాము. కామసానీ, గుడిలో నాకు అర్థం కాని మాటను అమ్మ నీ చేతితో మళ్లీ చెప్పించింది. ఇక నన్ను ఆపకు."

"ఆపను. వెళ్లిరండి" అన్నది కామసాని.

అప్పటికే సూరన తొందరపడి తలుపులు తీయించాడు. శత్రువుల గుర్రాలు కోట గవని ద్వారంలోకి దూకుతున్నాయి. బొల్లమనాయకుడు కత్తి దూసి వాటిని వెలుపలికి నెట్టుకుంటూ పోయి, వెనుదిరగకుండానే కేకవేశాడు: "మూయండిరా తలుపులు! నేను బయట ఉన్నానని చూడకండి! పువ్వు దేవికి ఎడమన పడిందని ఏలినవారికి విన్నవించండి!"

భటులు ఏడుస్తూనే గడియ వేశారు.

కోట నిలిచింది. సూరనకు సంకెళ్లు పడ్డాయి. తెల్లవారి శత్రువులు వెనుదిరిగాక, గవని ముందు పడినవారిని లోపలికి తెచ్చి వరుసగా పరుండబెట్టారు. గిట్టలకింద నలిగిన ముఖాలలో ఎవరు ఎవరో ఆనవాలు చిక్కలేదు. "నాయకుని మాట వినకపోతినే!" అని ఎర్రభూపాలుడు పసివానివలె విలపించాడు.

కామసాని ఒక్కొక్కరి పాదాలవద్ద నిలిచి, నమస్కరించి, తనకు ఎడమవైపున్న చేతినే ఎత్తి చూస్తూ వచ్చింది. ఒకచోట తోరం కనబడింది.

ఈసారి ఆమె పొరబడలేదు.